జంపఖానాకు అటు చివర

పెద్దమ్మ పోయిన తర్వాత చర్చిలో జరిగిన ఆదరణ కూడికలో మా పాస్టరు అయ్యగారు ఆమెను గురించి మంచి మాటలు చెప్పారు. ఆయన బదిలీ మీద నారాయణఖేడ్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. "కోపమంటే ఏమిటో ఎరగని తల్లి" అన్నారు. కూర్చున్న ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. అది దుఃఖమనుకొని ఆయన గొంతు తగ్గించారు. నా పక్కన కూర్చున్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఎవల గురించి చెప్తుండు?" అని నా చెవిలో అడిగింది.

ఆయనను తప్పు పట్టలేను. పోయినవాళ్ళ గురించి మేం అట్లాగే చెప్పుకుంటాం. కోపం పాపమని, ఏడుపు అవిశ్వాసమని, భయం సాతాను పనని చిన్నప్పటి నుంచి విని విని, దేవుడి దగ్గరకు పోయేటప్పుడు వాటిని చెప్పులతో పాటు బయట విడిచిపెట్టడం నేర్చుకున్నాం. పెద్దమ్మ చెప్పులు తప్ప ఏదీ బయట విడిచేది కాదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఊరికే కూర్చున్నాను. అయ్యగారు చెప్పిన మనిషి పక్కకు తొలగి, నేనెరిగిన మనిషి మెల్లగా దగ్గరకు రావడం మొదలుపెట్టింది. ఏది ముందో ఏది వెనకో లేకుండా వచ్చింది. చలికాలం పొద్దున కంది చేల మీద మంచు కమ్ముకుని ఉంటే, అటు నుంచి వచ్చే మనిషి కనిపించకముందే దగ్గు వినిపిస్తుంది. ఆమె విషయంలోనూ అట్లాగే ముందు మాట వినిపించింది, తర్వాత మనిషి కనిపించింది.

ఆమె నాకు బంధువు కాదు. మా ఇంటి వెనక సందులో అక్కాచెల్లెళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. ఇద్దరూ చిన్న వయసులోనే భర్తలను పోగొట్టుకున్నారు. మనూర్ దారిలో ఉన్న కొద్దిపాటి చెలకలో కందులు, పెసలు వేసుకుంటూ ఒకే కప్పు కింద బతికారు. సంఘంలో అందరికీ అక్క పెద్దమ్మ, చెల్లెలు చిన్నమ్మ.

పెద్దమ్మ పొట్టిగా ఉండేది. ఏదైనా గట్టిగా మాట్లాడాలంటే ముందు జుట్టు ముడి విప్పి మళ్ళీ బిగించుకునేది. అది చూసిన వాళ్ళు పని ఉందంటూ లేచిపోయేవాళ్ళు. ప్రార్థన చేసేటప్పుడు కళ్ళు మూసుకునేది కాదు. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు ఒకచోటికే చూస్తూ, మామూలు గొంతుతో, మామూలు మాటలతో మాట్లాడేది. మధ్యలో పొయ్యి మీద ఏదైనా పొంగితే "ఆగు, మల్ల వస్త" అని లేచేది. అట్లాంటి ప్రార్థనలకు ఆమేన్ ఉండేది కాదు. చెప్పుకోవాల్సింది పూర్తయ్యాకే ఆ మాట అనాలని ఆమె లెక్క. కొన్ని ప్రార్థనలు ఆమేన్ లేకుండానే నెలల తరబడి నడిచేవి.

మాకు నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజనం, ఉంటుంది. ఆడవాళ్ళం తెల్ల చీరలు కట్టుకొని వస్తాం. వరుస తర్వాత వరుస లేచి ముందుకు పోయి, మోకాళ్ళూని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. ఎవరి మీదనైనా కోపం పెట్టుకొని ఆ బల్ల ముట్టరాదని, ముందు పోయి ఆ మనిషితో సమాధానపడి రావాలని అయ్యగార్లు ప్రతిసారీ చెప్తారు. మేం తలలూపుతాం, తర్వాత లేచి పోయి తీసుకుంటాం. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ఆ ఇద్దరే.

వాళ్ళు ఎప్పుడూ వెనక జంపఖానా మీద కూర్చునేవాళ్ళు. పక్కపక్కన కూర్చుంటే ఇంట్లో శాంతి ఉన్నట్టు. చెరొక చివర కూర్చుంటే లేనట్టు. చెరొక చివర కూర్చున్న రోజు, బల్ల మొదలయ్యేలోపు ఇద్దరిలో ఒకరు కదలాలి. లేచి నడిచేవాళ్ళు కాదు, కూర్చునే జరుగుతూ వచ్చేవాళ్ళు. మధ్యలో ఉన్న ఆడవాళ్ళు మోకాళ్ళు ముడుచుకొని దారి ఇచ్చేవాళ్ళు. ఎవరి వంతు అని ఎవరైనా గుసగుసగా అడిగితే, చిన్నదానిదేనని, పోయినసారి తానే పోయిందని పెద్దమ్మ ముందు వరుసకు కూడా వినిపించేట్టు చెప్పేది. జరిగి వచ్చిన మనిషి రెండో మనిషి మోకాలిని వేలితో పొడిచి "జరుగు" అనేది. రెండో మనిషి జరిగి చోటిచ్చేది. వాళ్ళ మధ్య క్షమాపణ అంటే అంతే. తర్వాత ఇద్దరూ కలిసి ముందుకు పోయేవాళ్ళు.

బయటివాళ్ళ మీద కోపమైతే వ్యవహారం పెద్దదయ్యేది. ఒక బల్ల ఆదివారం పాట మధ్యలో పెద్దమ్మ లేచి బయటికి పోయింది. మనూర్‌లో ఉన్న ఆడబిడ్డతో ఏదో మాట పట్టింపు మిగిలి ఉందట. షేర్ ఆటో నిండేదాకా కూర్చొని, మనూర్ పోయి, ఆడబిడ్డ ఇంట్లో చాయ్ తాగి, మళ్ళీ ఆటో పట్టుకొని వచ్చేసరికి ఆరాధన అయిపోయింది. అప్పటి అయ్యగారు తలుపుకు తాళం వేస్తున్నారు. తన వంతు ఏదని ఆమె అడిగింది. ఆయన మళ్ళీ తాళం తీశారు. ఖాళీ చర్చిలో ఒక్క మనిషి కోసం మొదటి నుంచీ అన్నీ చదివారు. నేను వాకిట్లో ఉండిపోయి కిటికీలోంచి చూశాను. పైకిటికీల రంగు అద్దాల గుండా మధ్యాహ్నపు ఎండ నేల మీద పచ్చగా, ఎర్రగా పరుచుకొని ఉంది. ఆ రంగుల్లో ఆమె తెల్ల చీర ఒక్కటే మోకాళ్ళ మీద ఉంది. ఇప్పుడు తలచుకుంటే అది నేను నిజంగా చూశానా, కల కన్నానా అని అనుమానం వస్తుంది. చూశాను. తాళంచెవి చప్పుడు కూడా గుర్తుంది.

మా అమ్మ పోయినప్పుడు నేను ఏడవలేదు. చావును గురించి నేను చదివినవి చాలా ఉన్నాయి. అవి వరుసగా గుర్తుకొస్తూ ఉన్నాయి, నేను వాటి వెనక కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నా పొడి కళ్ళు చూసి ఎంత విశ్వాసం అని మెచ్చుకున్నారు. ఒక సంఘపెద్ద మా తమ్ముడి భుజం పట్టుకొని, అక్కను చూసి నేర్చుకోమని, అమ్మ ప్రభువు దగ్గర ఉంటే ఏడుపెందుకని మందలించాడు. అప్పుడే పెద్దమ్మ లోపలికి వచ్చింది. ముడి విప్పి బిగించుకుంది.

"ఏడ్వనియ్యుండ్రి పోరన్ని" అంది. "ప్రభువు తన దోస్తు సమాధి కాడ ఏడ్సిండా లేదా? జరసేపట్ల లేపుతనని ఆయనకు ఎరుకనే గద. ఎరుకుండి గూడ ముందుగాల ఏడ్సిండు. మీరేంది, ఆయనకంటె పెద్ద విశ్వాసులా?"

సంఘపెద్ద తమ్ముడి భుజం వదిలేశాడు. ఆమె నా ముందుకు వచ్చి కూర్చొని కొంతసేపు నా ముఖం చూసింది. "నీది విశ్వాసం గాదు బిడ్డ, నువ్వు భయపడ్డవ్" అంది. ఆ మాట నిందలా లేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత మా అమ్మను పేరు పెట్టి పిలిచి, పాత పద్ధతిలో రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ చేసే జొన్నరొట్టెల గురించి, అమ్మ తిట్ల గురించి, అమ్మ తన దగ్గర తీసుకుపోయి తిరిగి ఇవ్వని జల్లెడ గురించి కూడా ఏడ్చింది. జల్లెడ దగ్గర అందరికీ నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియదు.

ఇక కోడి సంగతి చెప్పాలి.

పంట ఇంటికి చేరాక మా చర్చిలో కోత పండుగ చేస్తాం. ప్రతి ఇల్లూ కొత్త పంటలోంచి కొంత, పెంచుకున్న వాటిలోంచి ఒకటి దేవుడికని తీసుకుపోతుంది. ఆ ఏడు పెద్దమ్మ ఒక ఎర్ర పెట్టను దేవుడికని అనుకొని, గుర్తుగా కాలికి గుడ్డ పీలిక కట్టింది. అది వంటింట్లోకి వచ్చినా ఎవరూ అదిలించకూడదు. ఆ రోజుల్లోనే పక్కింటి కోడలు టైఫాయిడ్ వచ్చి, చిక్కి శల్యమై మంచం దిగింది. పెద్దమ్మ చేనుకు పోయిన పూట చిన్నమ్మ ఆ పెట్టను కోయించి, షోర్వా కాచి ఆ పిల్లకు తాగించింది.

పెద్దమ్మ అరుపులు మా ఇంటిదాకా వినిపించాయి. దేవుడి సొమ్ము ముట్టావన్నది ఆమె మాట. చిన్నమ్మ నెమ్మది మనిషి. "దాని కడుపుల వడ్డది దేవునికి ముట్టలేదా అక్క?" అని ఒక్కటే అంది. అక్కడితో మాటలు బంద్ అయ్యాయి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. ఏళ్ళ తరబడి జంపఖానా మీద కలుసుకొని కలుసుకొని, వాళ్ళు ఇంట్లో కలుసుకోవడం మానేశారు. కొట్లాట ఎప్పుడు జరిగినా దాన్ని మొదటి ఆదివారం దాకా అట్లాగే ఉంచేసేవాళ్ళు. ఒకే పొయ్యి మీద వండుకొని, చెరొక గోడకు తిరిగి తిని, చెరొక మూల పడుకునేవాళ్ళు. ఆదివారం ఎట్లాగూ వస్తుంది, తీరిపోతుంది అన్న ధీమా. ఈసారి కదలాల్సిన వంతు పెద్దమ్మది. ఆమె కూడా ఆదివారం కోసమే ఆగింది. శుక్రవారం పొద్దున చిన్నమ్మ పెరట్లో ముఖం కడుక్కుంటూ కూలిపోయింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

అందరి చావులకూ ఏడ్చిన మనిషి చెల్లెలి చావుకు ఏడవలేదు. సమాధి దగ్గర నిలబడి ముడి విప్పుతూ, బిగిస్తూ ఉంది. ఆదివారం చర్చికి వచ్చింది. వెనక జంపఖానాకు ఒక చివర కూర్చుంది. బల్లకు మా వరుస లేచినప్పుడు ఆమె లేవలేదు. తర్వాతి నెలా లేవలేదు. కందులు పోయి పెసలు వచ్చాయి. ఒక్క ఆదివారం మానలేదు, ఒక్కసారి బల్ల ముట్టలేదు.

మాలో బల్ల ముట్టని మనిషి ఏదో పాపంలో పడిందని లెక్క. మాటలు మొదలయ్యాయి. పెద్దలు కూడబలుక్కొని ఆమె ఇంటికి పోయారు. ఎవరి మీద కోపముందో చెబితే ఆ మనిషిని పిలిపిస్తామన్నారు. "పిలువుండ్రి. నేను గూడ పిలుస్తనే ఉన్న, పలుకుతలేడు" అంది ఆమె. పెద్దలు బయటికి వచ్చి, పలకని ఆ మగమనిషి ఎవరై ఉంటాడా అని తర్జనభర్జన పడ్డారు. చివరికి కంగ్టిలో ఉన్న ఆమె మరిది అని తేల్చి, కబురు పంపి రప్పించారు. ఆ మనిషి పరేషాన్ అయి బస్సు దిగాడు. వదినకు ఎన్నడు ఏం తప్పు చేశాడో గుర్తు లేక, పెళ్ళినాటి సంగతి నుంచి అన్నింటికీ కలిపి క్షమాపణ అడిగాడు. ఆమె సంతోషంగా క్షమించింది. పప్పు, రొట్టె పెట్టి, దారికి పెసలు మూటగట్టి పంపింది. పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. మొదటి ఆదివారం వచ్చింది. ఆమె లేవలేదు.

అప్పటి అయ్యగారు మాత్రం ఏమీ అడగలేదు. ఆయన భార్య బల్ల కోసం రొట్టె ముక్కలు కోసేటప్పుడు పెద్దమ్మ వంతు కలిపే కోసేది. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నేను పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆమె గడపకు ఆనుకొని పెసలు చెరుగుతోంది. చాట చప్పుడు, ఎక్కడో బస్టాండులో బస్సు హారన్, మళ్ళీ చాట చప్పుడు. సందంతా తలుపులు వేసుకొని నిద్రపోతోంది. నేను ఏమీ అడగలేదు. ఆమె నా వైపు చూడకుండా, సగం నిద్రలో ఉన్నట్టు మాట్లాడింది.

"కలల అది అటు చివర కూసుంటది. నేను గిటు. దాని దిక్కు జరుగుకుంట పోత. జరిగినకొద్ది జంపఖానా పెరుగుతనే ఉంటది. చర్చి దాటుతది. బస్టాండు దాటుతది. కంది చేన్ల వడ్తది. పువ్వంత నా చీరకు అంటుతది. నడుమ ఎవలుండరు. ఇగ వచ్చిన, ముట్టుకుంట అనుకుంట. మల్ల దూరమే. అది నా దిక్కు సూడది."

చాట ఆపింది. ఎప్పటిలాగే ఎదురుగా ఒకచోటికి చూసింది. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

"ఎవల కోడి కోసం కొట్లాడిన నేను? ఈయన కోడి కోసం. ఈయన సొమ్ము ముట్టిందని నా చెల్లెతోని మాట బంద్ చేసిన. ఆదివారం ఈయన బల్ల కాడనే కలుస్తమని ఆగిన. రెండు దినాలు ఈయన ఆగకపోయిండా?"

ఆమె ఎవరి మీద అలిగిందో నాకు అప్పుడు తెలిసింది. ఒక కోడిపిల్ల వచ్చి చాట పక్కన రాలిన గింజలు ఏరుకొని పోయింది. ఆమె దాన్ని కొట్టలేదు.

"ఆదివారం దాంక ఆగుమని ఆయన అనలే" అని ఆమే అంది. "పొద్దుగూకక ముందే సల్లవడుమన్నడు. నాకెరుక. ఆగుడు మా అక్కాచెల్లెండ్ల తెలివి. అది ఎరుకున్నందుకే ఇంక మండుతున్నది."

అంత కోపముంటే ప్రతి ఆదివారం చర్చికి ఎందుకు వస్తున్నావని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"అలిగిన పిల్ల యాడ కూసుంటది బిడ్డ? గా ఇంట్లనే మూలకు కూసుంటది. అన్నం తినది. ఇల్లిడిసి పోదు. పరాయోళ్ళ మీద ఎవలన్న అలుగుతరా?"

కోపాన్ని గురించి నేను విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి. కోపం పెట్టుకోవద్దని, పెట్టుకుంటే విడిచిపెట్టమని చెప్పినవే అన్నీ. అలక మాట వాటిలో ఎక్కడా లేదు. కోపంతో మనిషి దూరం పోవచ్చు. అలిగిన మనిషి దూరం పోలేదు. పిలుపు వినిపించేంత దగ్గరలోనే ఉండాలి. ఆ ఏడాదంతా ఆమె వెనక జంపఖానా మీద చేస్తున్న పని అదేనని నాకు అర్థమైంది. అది ప్రార్థనా అని ఎవరైనా అడిగితే అవుననే చెప్తాను.

చలి మొదలయ్యాక ఆమెకు ఆయాసం ఎక్కువైంది. నాలుగడుగులు వేస్తే కూర్చోవలసి వచ్చేది. బల్ల ముట్టకుండానే పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఆమెకూ ఆ భయం ఉంది. "గిట్లనే పోతె అక్కడ గూడ అది నన్ను పక్కకు రానియ్యది" అంది ఒకరోజు. అన్నదే గానీ, ఆ నెలా లేవలేదు. లేవమని నేను బతిమాలలేదు. అది నేను చేయవలసిన పని కాదనిపించింది.

మంచు బాగా కురిసిన ఒక మొదటి ఆదివారం నేనే ఆమె చెయ్యి పట్టుకొని చర్చికి తీసుకుపోయాను. లోపలికి కూడా కొంచెం మంచు వచ్చినట్టుంది. ముందు వరుసల తెల్ల చీరలు, తెల్ల గోడ, బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. పాట అయింది. సమాధానపడమనే మాట అయ్యగారు ఎప్పటిలాగే చెప్పారు. వరుసలు లేవడం మొదలైంది. మా వరుస వంతు వచ్చి నేను లేచేసరికి నా చీర కుచ్చిళ్ళను ఎవరో పట్టుకున్నారు. పెద్దమ్మ. లేపమని చెయ్యి చాచింది.

లేపాను. వెనక జంపఖానా మీది ఆడవాళ్ళు చూసి మళ్ళీ తల దించుకున్నారు. వరుస మెల్లగా కదులుతోంది. ఆమె బరువంతా నా చేతి మీద ఉంది. ఇంత బరువుంటుందని నేను అనుకోలేదు. సగం దారిలో ఊపిరి కోసం ఆగింది. కోపం తగ్గిందా పెద్దమ్మా అని మెల్లగా అడిగాను.

"యాడికి తగ్గుతది. ఉన్నది." ఊపిరి తీసుకుంది. "రాత్రి కలల అది తినుకుంట కూసున్నది బిడ్డ. నాకోసం ఆగలే. ఏం తింటున్నదో కనబడలే గని, కడుపునిండ తింటున్నది. నాకు ఆకలైంది."

ముందు వరుసవాళ్ళు లేచి పక్కకు తొలిగారు. ఆమె నా చెయ్యి వదిలి, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు నేలకు ఆనించింది. నేను పక్కన మోకాళ్ళూనాను. అయ్యగారు పళ్ళెంతో వరుస వెంట వస్తూ ఆమె దగ్గర ఆగిపోయారు. ఆమె ముఖమెత్తి చూసింది.

"జల్ది పెట్టుండ్రి అయ్యగారు" అంది.

ఆయన పెట్టారు. అది చాలా చిన్న ముక్క. ఆమె దాన్ని ఎంతోసేపు నమిలింది.